గోదాములో 8 లక్షల సరుకు కాలితే 5 లక్షలే ఇస్తామంటున్నారు, సర్వేయర్ లెక్క సరైనదేనా?

ప్రశ్న: కర్నూలు వన్‌టౌన్‌లో మాది కిరాణా హోల్‌సేల్ షాపు, వెనకాలే గోదాము. బ్యాంకులో 25 లక్షల సీసీ లిమిట్ (సరుకు మీద వ్యాపారానికిచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉంది. బ్యాంకువాళ్ళే 25 లక్షలకు ఫైర్ పాలసీ చేయించారు, దానిమీద భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఉంది. మెయిన్ బోర్డులో షార్ట్ సర్క్యూటై మంటలు లేచి 8 లక్షల సరుకు పోయింది. ఆ రోజుకు స్టాకు 40 లక్షలని నష్టం లెక్కేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ తేల్చి, మాకు 5 లక్షలే వస్తుందంటున్నాడు. నష్టం పాలసీ మొత్తం కన్నా తక్కువే కదా, పూర్తిగా ఎందుకివ్వరు? ఇన్సూరెన్స్ చట్టం మారింది, కొత్త రూల్స్ వచ్చాయి అంటున్నారు. వాటితో మాకేమైనా మేలు జరుగుతుందా?

జవాబు:

అన్నా, సర్వేయర్ భాగహారంలో తప్పు లేదు. తప్పంటూ ఉంటే ఆ 40 లక్షల అంకెలో ఉండాలి. కొట్లాడితే దానిమీద కొట్లాడండి. "పాలసీ 25 లక్షలుంది, నష్టం 8 లక్షలే" అనే వాదన ఎక్కడికి తీసుకుపోయినా నిలవదు.

ఎందుకు నిలవదో ముందు చూద్దాం. ఫైర్ పాలసీలో కంపెనీ మీ గోదాములోని మొత్తం సరుకుకు పూచీ పడుతుంది. ఏ మూట కాలుతుందో ముందే ఎవరికీ తెలీదు కాబట్టి ప్రీమియం కూడా మొత్తం సరుకు మీద కట్టాలి. 40 లక్షల సరుకుంటే మీరు 25 లక్షలకే కట్టారు. అంటే మిగిలిన 15 లక్షలకు మీ పూచీ మీదే. నష్టం వచ్చినప్పుడు కూడా అదే పాళ్ళలో పంచుతారు: 25ని 40తో భాగిస్తే 62.5 శాతం, 8 లక్షల్లో 62.5 శాతం 5 లక్షలు. దీన్నే అండర్ ఇన్సూరెన్స్ అంటారు, పాతవాళ్ళు ఆవరేజ్ క్లాజ్ అంటారు.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ఈ సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో ఒక వెసులుబాటు ఉంది. ఒకచోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల లోపుంటే ఈ పాలసీ. దీంట్లో అండర్ ఇన్సూరెన్స్ 15 శాతం మించకపోతే కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, నష్టం పూర్తిగా ఇవ్వాలి. మీది 37.5 శాతం, అందుకే కోత పడింది. ఇంటికి తీసుకునే భారత్ గృహ రక్షలోనైతే ఈ కోతే లేదు. ఎవరో ఇంటి క్లెయిమ్ పూర్తిగా తెచ్చుకున్నారని మీ క్లెయిమ్‌ను దాంతో పోల్చుకోవద్దు.

25 లక్షలకే ఎందుకు చేశారంటారా? బ్యాంకు తన లిమిట్ ఎంతో అంతకే చేయించింది. చాలా సీసీ ఖాతాల్లో జరిగేది ఇదే. మార్జిన్ (స్టాకు విలువలో బ్యాంకు అప్పివ్వని భాగం) 25 శాతం పెట్టే చోట 25 లక్షలు పూర్తిగా వాడుకోవాలంటే గోదాములో కనీసం 33 లక్షల 33 వేల స్టాకు చూపాలి. చూపించమనేదీ బ్యాంకే, 25 లక్షలకు పాలసీ చేయించేదీ బ్యాంకే. ఈ లెక్కన మొదటి రోజే అండర్ ఇన్సూరెన్స్ 25 శాతం పడుతుంది, 15 శాతం గీత అప్పుడే దాటిపోయింది. బ్యాంకుకు కావలసింది తన అప్పు సురక్షితంగా ఉండటం. మీ సరుకు సంగతి మీరే చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పని. ఈ 40 లక్షలు ఎట్లా వచ్చిందో లెక్క కాగితం ఇమ్మని సర్వేయర్‌కు మెయిల్ పెట్టండి, కాపీ కంపెనీకి. ఫోన్లో అడిగితే అడిగినట్టు రుజువుండదు.

మామూలుగా సర్వేయర్ చేసేది ఇది. మార్చి 31 నాటి క్లోజింగ్ స్టాకు తీసుకుంటాడు. అప్పట్నుంచి మంటలు లేచిన రోజు వరకు కొన్న సరుకు కలుపుతాడు. అమ్మిన సరుకును అమ్మకం ధరకు కాక కొన్న ధరకు మార్చి తీసేస్తాడు. అమ్మకం నుంచి కొన్న ధరకు రావడానికి కిందటేడాది ఆడిట్ బ్యాలెన్స్ షీట్లోని గ్రాస్ ప్రాఫిట్ శాతం వాడతాడు. ఎక్కువ క్లెయిమ్‌లు పక్కదారి పట్టేది ఇక్కడే. ఉదాహరణకు ఈ మధ్యకాలంలో 2 కోట్లు అమ్మారనుకోండి. గ్రాస్ ప్రాఫిట్ 6 శాతమని పెడితే అమ్మిన సరుకు ఖరీదు 1 కోటి 88 లక్షలు. నిజానికి ఈ ఏడాది మీరు నూనె, చక్కెర లాంటి పల్చటి మార్జిన్ సరుకు ఎక్కువ తిప్పి 4 శాతమే మిగిలిందనుకోండి, అప్పుడు ఖరీదు 1 కోటి 92 లక్షలు. తేడా 4 లక్షలు. ఆ 4 లక్షల సరుకు ఎప్పుడో అమ్ముడుపోయింది, కాగితం మీద మాత్రం ఇంకా గోదాములో ఉంది. ట్యాలీలోంచి సరుకువారీగా కొనుగోలు బిల్లు, అమ్మకం బిల్లు పక్కపక్కన పెట్టి ఈ ఏడాది మార్జిన్ ఎంతో చూపగలిగితే 40 కాస్తా 36 అవుతుంది. 25ని 36తో భాగిస్తే 69.4 శాతం, మీకు వచ్చేది 5 లక్షల 55 వేలు.

రెండోది, అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చేది, సరుకు ఉన్న చోటు. పుస్తకాల్లో స్టాకు వ్యాపారం మొత్తానికి ఒకటే ఉంటుంది. పాలసీ మాత్రం దానిమీద రాసిన చిరునామాకే. మీకు కల్లూరు వైపు ఇంకో గోదాముండి, ఆ రోజు అక్కడ 6 లక్షల సరుకుంటే అది ఈ లెక్కలోకి రాకూడదు. అక్కడ సరుకు ఉన్నట్టు రుజువేమిటంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్లో అదనపు వ్యాపార స్థలంగా ఆ చిరునామా ఉండటం, అద్దె అగ్రిమెంటు, ఇక్కడి నుంచి అక్కడికి పోయిన డెలివరీ చలాన్లు, ఈ-వే బిల్లులు, ఆటో కిరాయి ఓచర్లు. పాలసీలో రెండు చిరునామాలూ రాసి ఫ్లోటర్ (అన్ని చోట్లకూ కలిపి ఒకే మొత్తం) అని ఉంటే మాత్రం రెండు చోట్ల సరుకూ కలుస్తుంది, ఈ దారి పనికిరాదు. పాలసీ షెడ్యూల్ ఒకసారి తీసి చూడండి. బిల్లయిపోయినా పార్టీ ఇంకా తీసుకుపోని సరుకు, కమీషన్ మీద అమ్మిపెట్టమని ఇంకొకరు దించిపోయిన సరుకు కూడా మీ స్టాకు కాదు. మీ పాలసీలో వేరేవాళ్ళ సరుకుకు కూడా కవరుందని రాసి ఉంటే తప్ప వాటిని కలపకూడదు.

ఈ 6 లక్షలు కూడా పోతే 30 మిగులుతుంది. 25ని 30తో భాగిస్తే 83.3 శాతం, మీకు 6 లక్షల 67 వేలు. ఇంకొక్క 60 వేలు తగ్గి 29 లక్షల 40 వేలకు వస్తే అండర్ ఇన్సూరెన్స్ 15 శాతం లోపలికి దిగుతుంది, పూర్తి 8 లక్షలు వస్తాయి. గీత దగ్గర తేడా ఇంత ఉంటుంది కాబట్టి చిన్న చిన్న అంకెలు కూడా వదలొద్దు. డేటు దాటిన సరుకు, తిరిగొచ్చి మూలన పడ్డ సరుకు, పురుగు పట్టిన పప్పు, వీటి విలువ పుస్తకాల్లో పూర్తి ధరకే ఉంటుంది, నిజంగా ఏమీ రాదు. సరుకు పంపిన కంపెనీకి రిటర్న్ రాసిన డెబిట్ నోట్లుంటే జత చేయండి. లేని కాగితాలు మాత్రం పుట్టించొద్దు. మోసం తేలితే పాలసీ షరతు ప్రకారం మొత్తం క్లెయిమే పోతుంది, ఆ 5 లక్షలు కూడా రావు. పాత తేదీ వేసిన చలాన్లను జీఎస్టీ పోర్టల్‌తో పోల్చి పట్టుకోవడం సర్వేయర్లకు ఇప్పుడు అరగంట పని.

ఒక మెలిక ఉంది, దీన్ని చూసుకోకుండా 40ని తగ్గించమని అడగొద్దు. మీ 8 లక్షల నష్టం ఎట్లా తేలింది? కాలిన, తడిసిన మూటలను ఒక్కొక్కటి లెక్కపెట్టి వచ్చిన అంకా, లేక పుస్తకాల స్టాకులోంచి బాగున్న సరుకు తీసేస్తే వచ్చిన అంకా? అన్నీ బూడిదైపోయి లెక్కపెట్టడానికి ఏమీ మిగలనప్పుడు రెండో పద్ధతి వాడతారు. అట్లాగైతే పుస్తకాల స్టాకు ఒక లక్ష తగ్గితే నష్టం కూడా ఒక లక్ష తగ్గుతుంది. 40ని 36 చేస్తే 8 కాస్తా 4 అవుతుంది, మీకు వచ్చేది 2 లక్షల 78 వేలే. అందుకే ముందు లెక్క కాగితం తెప్పించుకోండి, ఆ తర్వాతే నోరు విప్పండి.

బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ సంగతి కూడా చెప్పాలి. డ్రాయింగ్ పవర్ (స్టాకును బట్టి ఖాతాలోంచి తీసుకోగలిగే మొత్తం) కోసం ఉన్నదానికన్నా ఎక్కువ రాసిచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. సర్వేయర్ దాన్ని బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకుంటాడు. మీరు సంతకం పెట్టిన కాగితంలో 41 లక్షలుండి, మీరే వచ్చి 30 లక్షలే అంటే నమ్మడు. జీఎస్టీ రిటర్నులు, స్టేట్‌మెంట్లు (జీఎస్టీఆర్-1, 3బీ, 2బీ), కొనుగోలు బిల్లులు, ఆడిట్ అయిన లెక్కలు అన్నీ ఒకే మాట చెబుతుంటే బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ ఒక్కటీ పక్కకు పోతుంది. అవి కూడా తలోమాట చెబుతుంటే 5 లక్షలు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక 8 లక్షల లోపల ఏమేం కొట్టేశాడో కూడా చూడండి. షార్ట్ సర్క్యూట్ మొదలైన బోర్డుకు కవరు లేదు, అది పాలసీలోనే మినహాయింపు. కానీ ఆ మినహాయింపు ఆ బోర్డుకే. అక్కడినుంచి మంట పాకి కాలిన సరుకుకు పూర్తి కవరుంది. ఫైరింజన్ నీళ్ళకు తడిసిన మూటలు, పొగ వాసన పట్టిన టీ పొడి, మసాలాలు కూడా మంట వల్ల కలిగిన నష్టమే. సర్వేయర్ వీటిని సాల్వేజ్ (నష్టం తర్వాత మిగిలిన సరుకు) అని సగం ధరకు అమ్ముకోవచ్చంటూ కోత పెడతాడు. తినే సరుకు అమ్మకానికి పనికిరాదని ఫుడ్ సేఫ్టీ అధికారి దగ్గర లేఖ తీసుకుంటే ఆ కోత నిలవదు. లేకపోతే "సాల్వేజ్‌కు ఆ ధర వస్తుందంటే మీరే కొనేవాళ్ళను తెచ్చి తీసుకుపోండి" అని రాతపూర్వకంగా చెప్పండి. ఈ వ్యవహారం తేలేదాకా పాడైన సరుకు పారేయొద్దు. వాసన వస్తోందని మునిసిపాలిటీ ట్రాక్టరుకు ఎత్తించేస్తే తర్వాత చూపడానికేమీ ఉండదు. తప్పనిసరైతే ఫోటోలు, వీడియో, తూకం వివరాలతో కంపెనీకి మెయిల్ పెట్టి, వాళ్ళ జవాబు వచ్చాకే ఎత్తించండి.

జీఎస్టీ మాట చాలామంది మర్చిపోతారు. కాలిపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చిన మినహాయింపును) సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. 5 శాతం సరుకైతే 8 లక్షలకు 40 వేలు. క్రెడిట్ వస్తుంది కదా అని సర్వేయర్ నష్టాన్ని పన్ను తీసేసి లెక్కేస్తాడు. పాలసీ తీసుకున్నప్పుడు విలువ పన్నుతో కలిపి చెప్పి ఉంటే, 3బీలో క్రెడిట్ రివర్స్ చేసిన కాగితం చూపి ఆ 40 వేలు కూడా అడగొచ్చు. పన్ను లేకుండా చెప్పి ఉంటే అడగడానికి వీల్లేదు.

కాగితాల్లో ఫైర్ స్టేషన్ ఇచ్చే సర్టిఫికెట్, పోలీసు కాగితం, షార్ట్ సర్క్యూటే కారణమని కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ఏఈ లేదా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు ఇచ్చే రిపోర్టు ముఖ్యం. ఇవి ఈపాటికి ఇచ్చే ఉంటారు.

కొత్త రూల్స్ సంగతి. మీరు విన్న చట్టం 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది, ఇన్సూరెన్స్ కంపెనీల్లో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 నుంచి 100 శాతానికి పెంచింది. మీ క్లెయిమ్‌కు దాంతో ఏ సంబంధమూ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఎత్తేసింది కూడా వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే. ఫైర్ పాలసీకి 18 శాతం అట్లాగే ఉంది, వ్యాపారస్తులు కాబట్టి మీరు దాన్ని క్రెడిట్ తీసుకోవచ్చు.

మీకు పనికొచ్చేది ఐఆర్‌డీఏఐ 2024 జూన్ 11న ఇచ్చిన జనరల్ ఇన్సూరెన్స్ మాస్టర్ సర్క్యులర్. దాని ప్రకారం నష్టం తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను వేయాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగితే ఇవ్వాలి. సర్వేయర్ రిపోర్టే చివరి మాట కాదని, దాన్ని కాదనడానికి ఆధారాలుంటే కాదనొచ్చని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అంటే మీ లెక్క కాగితం బలంగా ఉంటే వినేవాళ్ళున్నారు.

ఈలోగా 5 లక్షలు వదులుకోనక్కర్లేదు. డిశ్చార్జ్ వోచర్ (డబ్బు ముట్టిందని కంపెనీకిచ్చే రసీదు) మీద సంతకం పెట్టినంత మాత్రాన మిగిలినదాని కోసం అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. అయినా "పూర్తి, తుది పరిష్కారంగా" అన్న మాట కింద ఊరికే సంతకం పెట్టొద్దు. అభ్యంతరంతో తీసుకుంటున్నామని పక్కన రాసి, అదే రోజు అదే మాట మెయిల్లో కూడా పెట్టండి. నెలలు గడిచాక బలవంతంగా సంతకం పెట్టించుకున్నారంటే నమ్మేవాళ్ళు తక్కువ. డబ్బు మీ చేతికి కాక సీసీ ఖాతాకే పోతుంది, పాలసీలో బ్యాంకు క్లాజ్ ఉంటుంది కాబట్టి.

కంపెనీ వినకపోతే ముందు వాళ్ళ గ్రీవెన్స్ అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో కూడా నమోదు చేయండి, ఫోన్ అయితే 155255. నెలరోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు కూడా హైదరాబాదు ఆఫీసే చూస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ తుది జవాబిచ్చిన ఏడాది లోపు వేయాలి, 50 లక్షల వరకు వింటారు. మీ షాపు ఒక్కరి పేరు మీద ఉంటే చిక్కు లేదు. భాగస్వామ్యమైతే మైక్రో సంస్థ అని ఉద్యమ్ సర్టిఫికెట్ చూపాల్సి వస్తుంది. అవార్డు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి.

ఇంకో దారి కర్నూలులోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్. ఇప్పుడు పరిధిని క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాక మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి చూస్తారు, 50 లక్షల లోపు ప్రీమియమంటే జిల్లా కమిషనే. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి మీరు వినియోగదారు కాదని కంపెనీ వాదిస్తుంది. నష్టం నుంచి కాపాడుకోవడానికి తీసుకునే బీమా లాభం కోసం చేసే పని కాదని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ తీర్పు జత చేయమని వకీలుకు చెప్పండి. గడువు రెండేళ్ళు. కమిషన్లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోడు, కాబట్టి ముందు అంబుడ్స్‌మన్‌కు పోవడమే నయం. మీలాంటి అంకెల గొడవకు అక్కడ త్వరగా తేలుతుంది.

ఈ గొడవ నడుస్తున్నా పాలసీని ఇట్లాగే వదిలేయొద్దు. రేపు ఇంకేదైనా జరిగితే ఇదే కోత పడుతుంది. రెన్యువల్ దాకా ఆగకుండా మధ్యలోనే ఎండార్స్‌మెంట్‌తో (పాలసీలో మార్పు రాయించి) మొత్తం పెంచుకోవచ్చు, మిగిలిన రోజులకే ప్రీమియం పడుతుంది. ప్రీమియం కంపెనీకి అందాకే కవరు మొదలవుతుంది, బ్యాంకులో చెప్పొచ్చాం కదా అనుకుంటే చాలదు. సగటు స్టాకుకు కాక దసరా దీపావళికి ముందు, సంక్రాంతికి ముందు గోదాము నిండినప్పుడు ఎంతుంటుందో అంతకు చేయించండి. మీ 40 లక్షల స్టాకుకు 34 లక్షలకు చేయించి ఉన్నా ఈ 8 లక్షలు పూర్తిగా వచ్చేవి, కానీ ఆ 15 శాతాన్ని ముందే వాడేసుకోవద్దు, ధరలు పెరిగినప్పుడు దాని అవసరం పడుతుంది. వరద కవరు ఈ పాలసీలోనే కలిసి ఉంటుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు కింది గోదాములన్నీ ఒకేసారి మునిగాయి. వరదలో నష్టం మొత్తం స్టాకుకే తగులుతుంది కాబట్టి తక్కువ చేయించిన పాలసీ ఇంకా ఎక్కువ ముంచుతుంది. పైకప్పు కారి తడిసిన సరుకును మాత్రం వరద కింద ఒప్పుకోరు, నీళ్ళు బయటినుంచి లోపలికి వచ్చినట్టు ఉండాలి.

ఎండార్స్‌మెంట్ వచ్చాక చూడాల్సినవి మూడే: గోదాముకు, రెండోది ఉంటే దానికీ, డోర్ నంబరుతో చిరునామా ఉందా, విలువ పన్నుతో కలిపి రాశారా, ఇతరుల సరుకు దించుకునే అలవాటుంటే అది రాశారా. ఒక కాపీ బ్యాంకులో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ 25 లక్షలకే రెన్యువల్ చేసి మీ ఖాతాలో డెబిట్ వేస్తారు.